చిలక దగ్గర ఆగవలెను

సత్యవేణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఏడేళ్ళ కూతురు జోషిత పదిమంది ముందు నోరు తెరిచి, మాట మధ్యలో ఆగిపోయి, ఆ సిగ్గుతో ఇంకెప్పటికీ నోరు తెరవదేమోనని. మిగతా భయాలు లేవని కాదు. గ్యాస్ కట్టేశానా లేదా అన్న భయం ఉంది. జగన్నాథపురం వంతెన మీద మొగుడి ఆటో తిరగబడుతుందన్న భయం ఉంది. పిల్ల మింగిన చింతగింజ కడుపులో మొలకెత్తుతుందన్న భయం కూడా, అది అబద్ధమని తెలిసినా, వానాకాలంలో కొంచెం ఉంది. కానీ అవన్నీ వచ్చిపోయే చుట్టాలు. మొదటిది మాత్రం ఇంట్లో మనిషి.

జోషితకి నత్తి. మాట మొదలుపెట్టడమే దానికి కష్టం. మొదటి అక్షరం తలుపు సందులో కొంగులా చిక్కుకునేది, పిల్ల లాగేది, అది రాదు, కళ్ళలో నీళ్ళు వచ్చేవి. బళ్ళో పిల్లలు ఆ లాగుడుని చక్కగా అనుకరించేవారు. ఎంతమందికి చూపించినా ఫలం లేకపోయింది. చివరికి రోగం ఏమిటో కనిపెట్టింది లోవరాజు మేష్టారు. ఆయన నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించి, ముందుపళ్ళు ఊడాక సన్నాయి గూటిలో పెట్టి, వీధి అరుగు మీద పిల్లలకి సంగీతం చెప్పుకుంటున్న మనిషి. జోషిత చేత నాలుగు ముక్కలు పలికించి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, దీనికి నత్తి కాదు, తొందర అన్నాడు. ఊపిరి అయిపోయాక మాట మొదలెడుతోందట. ఖాళీ బిందె వంచితే నీళ్ళెక్కడివని అడిగాడు.

సంగీతం రాతలో స్వరం పక్కన కామా ఉంటే, ఆ స్వరాన్ని ఇంకో లెక్కసేపు నిలపాలి. మేష్టారు ఆ నిలిపిన చోటే కాస్త ఊపిరి పీల్చుకోమనేవాడు. 'స రి గ మ ప' అని వెళ్ళడం, అక్కడ కామా దగ్గర చెట్టు నీడన కూర్చున్నట్టు కూర్చోవడం, మళ్ళీ లేచి 'గ రి' అని దిగడం. ఏడాది తిరిగేసరికి జోషిత పాటలో ఎక్కడా చిక్కుకోలేదు. పాడిన తరవాత అరగంటసేపు మాట కూడా బాగా వచ్చేది. అందుకని కొత్తగా తెరవబోతున్న బాలసంగీత పాఠశాలలో సీటు కోసం సత్యవేణి మొక్కని దేవుడు లేడు. అక్కడ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పాటే. నలభై సీట్లు. జూలై పదో తారీకున పరీక్ష.

పరీక్ష పెట్టేది నాదలిపి ప్రామాణీకరణ మండలి. పిల్లల మొదటి సంగీత పుస్తకం అచ్చువెయ్యడం కోసం పుట్టిన ఆఫీసు అది. పుస్తకం అరవై పేజీలు. నెల రోజుల పని. దాని కోసం రెండంతస్తుల భవనం, ఒక అధ్యక్షులు, ఒక సభ్య కార్యదర్శి, తొమ్మిదిమంది సభ్యులతో రూపసంఘం, శంఖంలోంచి తొంగిచూస్తున్న చిలక బొమ్మతో ఒక అధికార చిహ్నం ఏర్పాటయ్యాయి. పని చెయ్యడానికి మాత్రం సత్యవేణి ఏర్పాటయింది. ఇంటర్ మొదటి ఏడు మధ్యలో పెళ్ళై చదువు ఆగిపోయినా, తరవాత నాలుగేళ్ళు శుభలేఖలు అచ్చేసే కొట్లో టైపు కొట్టిన చెయ్యి కావడంతో, ఆమెను కాంట్రాక్టు మీద ఆపరేటరుగా తీసుకున్నారు.

మండలి తెప్పించిన సాఫ్ట్‌వేరులో బొమ్మలు లాగడం, అతికించడం ఉండదు. అంతా రాతే. ఒక ఫైల్లో స్వరాలు ఉత్తరం రాసినట్టు కొట్టుకుంటూ పోవాలి. ఇంకో ఫైల్లో ఆ స్వరాలు పేజీ మీద ఎలా కనబడాలో కొట్టాలి. చుక్క లావెంత, గీత మందమెంత, అక్షరానికీ అక్షరానికీ ఎడమెంత అన్నీ అందులో ఉంటాయి. మొదటిదాన్ని సత్యవేణి పాఠం ఫైలనీ, రెండోదాన్ని సింగారం ఫైలనీ అనుకునేది. రెండూ కలిపి మీట నొక్కితే తీర్చిదిద్దిన పేజీ బయటికొచ్చేది. పాఠం ఫైలు కొట్టడం మూడు రోజుల్లో అయిపోయింది. నాలుగో రోజున, అన్నీ సరిపోయాయి, అచ్చుకి పంపమంటారా అని ఆమె సభ్య కార్యదర్శి విద్యాధరరావు గారిని అడగడమే పొరపాటయింది.

ఆయన అప్పుడే ఆ సాఫ్ట్‌వేరుతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ చదువుతున్నారు. అందులో, ఇందులో కనబడే ప్రతిదాన్నీ మీ ఇష్టానుసారం మార్చుకోవచ్చు అని ఉంది. విద్యాధరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివారు.

"చూడమ్మా," అన్నారు. "మార్చుటకు అవకాశముండి మార్చకపోవుట నిర్లక్ష్యము కిందికి వచ్చును. రేపు మనల్ని ఎవరైనా అడిగితే?"

ఎవరు అడుగుతారో ఆయన చెప్పలేదు. ఆఫీసుల్లో అడిగేవాడు ఎప్పుడూ రేపే ఉంటాడు.

మర్నాడు రూపసంఘం కూర్చుంది. మొదటి అంశం, పైస్థాయి స్వరం నెత్తిన పెట్టే చుక్క ఎంత ఉండాలన్నది. ఆవగింజంత అని కొందరు, మిరియమంత అని కొందరు, కందిగింజ లేనిదే దూరపు పిల్లలకి కనబడదని ఒకరు. సూపరింటెండెంటు కామేశం గారు మూడు కవర్లలో మూడు గింజలూ తెచ్చి బల్ల మీద ప్రవేశపెట్టారు. ఆరు సమావేశాలయ్యాక, ఆవగింజకు మించి మిరియానికి మించకుండా ఉండాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు. సత్యవేణి సింగారం ఫైల్లో ఒక అంకె మార్చింది. ఏడో సమావేశంలో, మంద్రస్థాయి చుక్క స్వరం కాళ్ళ కింద పడి ఉండడం మండలి ప్రతిష్ఠకు తగదని దాన్ని పక్కకి జరిపారు. పక్కన ఉంటే అది పైదో కిందదో ఎలా తెలుస్తుందని ఒక సభ్యుడు అడిగితే, తెలుసుకొనుట పాఠకుని బాధ్యత అని రాసుకున్నారు.

ఇంతవరకూ సత్యవేణికి నవ్వే వచ్చింది. ఇంటికెళ్ళి మొగుడు నూకరాజుకి చెబితే, ఆ కందిగింజ చివరికేమయిందని అడిగాడు. భద్రపరిచారంది.

నవ్వు ఆగిపోయింది అధ్యక్షులవారు వచ్చిన రోజున. ఆయన నమూనా పేజీని చెయ్యి బారచాపి పట్టుకుని, కళ్ళజోడు లేకుండా చూసి, దీని మీద చీమలు పాకుతున్నాయేమయ్యా అన్నారు. కామేశం గారు జేబురుమాలుతో దులిపారు. పోలేదు. ఇంకోసారి దులిపారు. అవి కామాలు.

అధ్యక్షులవారు వెళ్ళిన గంటలో ఉత్తర్వు తయారయింది. సత్యవేణే కొట్టింది. "మండలి ప్రచురణల యందు స్వరరహిత చిహ్నములు పుటసౌందర్యమునకు భంగకరములుగా గుర్తించబడినందున, సమస్త కామాలు తక్షణమే ఉపసంహరించుకొనడమైనది." చివరి మాట దాకా కొట్టి, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తరవాత ఎప్పుడూ లేనిది లేచి వెళ్ళి, విద్యాధరరావు గారి బల్ల ముందు నిలబడింది.

"సార్, తీసెయ్యక్కర్లేదండి. సింగారం ఫైల్లో కామాని చిన్నది చేసుకోవచ్చండి. లేత రంగు చేస్తే పెద్దసారుకి అసలు కనబడదండి. చోటు మాత్రం ఉంటాది."

"కనబడనిదాన్ని ఆమోదించలేమమ్మా. ఆమోదించనిది ఉండకూడదు."

"అక్కడ పిల్లలు ఊపిరి తీసుకుంటారండి."

విద్యాధరరావు గారు ఫైలు తిరగేశారు. ఆయన చెడ్డవాడు కాడు. నిజంగానే వెతికారు. ఊపిరి గురించి మండలి నియమావళిలో ఎక్కడా లేదని, ఉంటే తప్పకుండా పరిశీలించేవాడినని చెప్పి పంపేశారు.

కామా పోయిన వరసలో ఎనిమిది లెక్కలు ఏడయ్యాయి. తాళం మాత్రం ఎనిమిది దగ్గరే నిలబడిపోయింది. పేజీ తప్పని ఎవరూ అనలేదు, పేజీకి సంతకమైంది. తాళానికి ఎవరి సంతకమూ లేదు. కాబట్టి ఆదితాళంలో చివర చెయ్యి వెనక్కి తిప్పే క్రియను తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేశారు. కామాలు మొదటినుంచీ లేని వరసలు ఎనిమిదితోనే ఉంటే అసమానత వస్తుందని, వాటినుంచి కూడా తలా ఒక స్వరం తీశారు. ఆ వెంటనే పరీక్ష నిబంధన కూడా వచ్చింది. పుస్తకములో ఉన్నది ఉన్నట్లు పాడవలెను. లేనిది పాడినచో మార్కులు తగ్గించబడును. నిశ్శబ్దము పుస్తకములో లేదు.

ఆ పేజీ కాగితం సత్యవేణి ఇంటికి తెచ్చి పిల్ల ముందు పెట్టింది. జోషిత వేలు పెట్టి చదువుకుంటూ మొదలెట్టింది. మొదటి వరస దాటింది, రెండో వరసకి మెడ నరం తేలింది, మూడో వరస మధ్యలో 'ప' దగ్గర ఇరుక్కుంది. ప, ప, ప అని మూడుసార్లు తన్నుకుని, కాగితాన్ని మెల్లగా బోర్లా పెట్టేసింది. మర్నాడు మంచినీళ్ళు కావాలంటే బొటనవేలు నోటికి చూపించింది. బళ్ళో హాజరు పిలిస్తే చెయ్యెత్తిందట. ఆ మర్నాడూ అంతే. ఇంట్లో మనిషిలా ఉంటున్న ఆ భయం కాస్తా పెద్ద ముత్తైదువలా పీట వేసుక్కూచుంది.

నూకరాజుకి ఇదంతా అర్థం కాలేదు. "కొట్టింది నువ్వే కదే. నువ్వే మళ్ళీ పెట్టెయ్," అన్నాడు.

"సంతకమైపోయిందండీ."

"కామాకి సంతకవేటే?"

కామా లేకపోవడానికి సంతకమని చెప్పింది. అతను ఆటో తుడుచుకోడానికి వెళ్ళిపోయాడు.

లోవరాజు మేష్టారు ఆ పేజీని అరుగు మీద పరుచుకుని తనే పాడి చూశాడు. నాలుగో వరసకి కళ్ళు ఎర్రబడ్డాయి, ఆరో వరసకి దగ్గు తెర వచ్చింది. మంచినీళ్ళు తాగి, నోరు తుడుచుకుని, "ఇది రాసినోడు పొద్దున్నే ఊపిరి ఇంట్లో వొదిలేసి ఆఫీసుకొస్తాడేవో అమ్మాయ్," అన్నాడు. పిల్లని దగ్గరికి తీసుకుని తల నిమిరాడు గానీ, పాడమని అడగలేదు. పరీక్ష ఇంకా మూడు వారాలుంది.

మర్నాడు సత్యవేణి ఆఫీసులో సింగారం ఫైలు మొదటినుంచీ చదివింది. ఆ ఫైలు ఆమెకు ఇప్పుడు వంటింటి డబ్బాల వరసలా తెలుసు. ఏ గుర్తు ఎంత లావు, ఎంత ఎత్తు అని చెప్పే వరసల కింద ఎవరూ ముట్టుకోని వరసలు కొన్ని ఉన్నాయి. ఏ గుర్తుకి ఏ బొమ్మ గియ్యాలో చెప్పేవి అవి. కామాకి కామా బొమ్మే గియ్యాలని ఎక్కడా లేదు. పాఠం ఫైల్లో కామా కామాలాగే ఉండొచ్చు. పేజీ మీద దాని చోట పువ్వు రావచ్చు, పడవ రావచ్చు, ఏ బొమ్మ ఇస్తే ఆ బొమ్మ రావచ్చు. మండలి కంప్యూటరులో ఉన్న బొమ్మ ఒక్కటే, శంఖంలోంచి తొంగిచూస్తున్న చిలక.

కామాకి ఆ చిలకనే ఇచ్చి, ఆ వరస మార్చింది. తీసేసిన కామాలన్నీ, వాటితోపాటు పోయిన స్వరాలూ పాఠం ఫైల్లో మళ్ళీ కొట్టింది. మీట నొక్కింది. పేజీ నిండా బుల్లి బుల్లి చిలకలు.

ఇంక మిగిలింది గుర్తుల వివరణ. ఏడాదిగా ఆ ఆఫీసు రాతలు కొట్టీ కొట్టీ, చదువు మధ్యలో ఆగిపోయినా, ఆ భాష వేళ్ళకి అంటుకుపోయింది. "మండలి అధికార చిహ్నము కనబడిన ప్రతిచోట గాయకుడు గౌరవసూచకముగా ముందరి స్వరమును ఒక లెక్క నిలిపి, శ్వాస తీసుకొని, పిదప సాగవలెను" అని కొట్టి, తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, దూరంగా నిలబడింది.

విద్యాధరరావు గారు వేలు పెట్టి రెండుసార్లు చదివారు. ఎవరు రాశారిది అన్నారు. నేనేనండి అంది, ఉద్యోగం ఊడినట్టే అనుకుంటూ.

"'పిదప' బాగుంది," అన్నారాయన.

ఆ సాయంత్రానికే రూపసంఘం ఆమోదించింది. ప్రతి పేజీలోనూ మండలి ఉనికి కనబడుతున్నదని సభ్యులు హర్షం ప్రకటించారు. ఆ చిలక ఎందుకొచ్చిందో, ఏ చోట కూర్చుందో ఒక్కరూ అడగలేదు. తాళం మళ్ళీ ఎనిమిదయింది. దాన్ని కూడా ఎవరూ గమనించలేదు, ఎందుకంటే తాళం వేసిచూసే అలవాటు ఆ మేడలో ఎవరికీ లేదు.

ఇంటికొచ్చి కొత్త పేజీ జోషిత ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. పిల్ల ఓరగా చూసింది. దగ్గరికి లాక్కుంది. వేలు పెట్టింది.

"అమ్మా, ఇక్కడ చిలకుంది," అంది.

మూడు రోజుల్లో అదే మొదటి మాట. ఎక్కడా చిక్కుకోలేదు. సత్యవేణి తల ఎత్తకుండా, ఊఁ, అక్కడ కాసేపు కూర్చుంటాదంట అంది. ఆ వారమంతా జోషిత చిలక చిలకకీ ఆగి, ఊపిరి తీసుకుని, తనంతట తనే పెట్టుకున్న అలవాటుగా బొమ్మకి చిన్నగా తల వంచి, ముందుకి వెళ్ళేది. మేష్టారు చూసి, ఆ చిలకని కనిపెట్టినోళ్ళకి సన్మానం చెయ్యాలన్నాడు.

ఇల్లు అలకగానే పండగ కాదు. అధ్యక్షులవారికి పొరుగు ఊళ్ళో ఇంకో మండలి ఉందని, వాళ్ళ పుస్తకంలో వాళ్ళ ఏనుగు బొమ్మ వెయ్యిన్నీ పన్నెండు చోట్ల ఉందని ఎవరో చెప్పారు. మన చిలక ఎన్ని చోట్ల ఉందని ఆయన అడిగారు. కామేశం గారు భూతద్దం పట్టుకుని రెండు రోజులు లెక్కపెట్టి, తొమ్మిదివందల తొంభై ఆరు అని తేల్చారు. ఏనుగు కంటే చిలక పదహారు తక్కువైన సంగతి అత్యవసర సమావేశంలో చర్చకు వచ్చింది. పేజీకి ముప్ఫై రెండుకి తక్కువ కాకుండా చిలకలు ఉండాలని తీర్మానించారు.

అన్ని పెడితే స్వరాలకి చోటు చాలదని సత్యవేణి చెప్పింది. ఆ మాట విని విద్యాధరరావు గారు జాలిగా చూశారు. "స్వరములు ప్రజలకు ముందునుంచీ తెలిసినవేనమ్మా. చిలక కొత్తది. కొత్తదానికి ప్రాచుర్యం కల్పించుట మన కర్తవ్యం," అన్నారు.

సోమవారం నిషాదం తీశారు. మంగళవారం ధైవతం. సభ్యులు ఒక్కొక్కరూ ఒక్కో స్వరాన్ని ప్రతిపాదించి, వేరొకరు బలపరిచి, ఆ స్వరం ఇంతకాలం చేసిన సేవలకు ధన్యవాదాలు తెలిపి తొలగించారు. పంచమం దగ్గర ఒక సభ్యుడు కంటతడి పెట్టుకున్నాడు. అది వాళ్ళ నాన్నగారికి ఇష్టమట. వారం చివరికి షడ్జం ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా తీసేద్దామా అన్నది వచ్చింది గానీ, మరీ ఏమీ లేకపోతే దాన్ని సంగీత పుస్తకం అనడంలో సాంకేతిక ఇబ్బంది ఉందని ఉంచేశారు. పాఠం చివర నిలబెట్టే రెండు గీతలు కటకటాల్లా ఉన్నాయని, పిల్లల పుస్తకంలో జైలు ఊచలు అశుభమని, వాటిని రెండో భాగానికి వాయిదా వేశారు. రెండు గీతలు వచ్చువరకు గానము ఆపరాదు అన్న పాత నియమం మాత్రం, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి, అలాగే ఉంది.

అచ్చయిన పుస్తకం చూస్తే మొదటి పేజీలో మొదట ఒక 'స'. తరవాత చిలకలు. రెండో పేజీలో చిలకలు. అరవయ్యో పేజీలో కూడా చిలకలే.

సత్యవేణి ఆ పుస్తకం పట్టుకుని మేష్టారి అరుగు దాకా పరుగు లాంటి నడకతో వెళ్ళింది. పిల్ల నేర్చుకున్న వరసలేవీ ఇందులో లేవు, పరీక్ష రేపే, ఏం చెయ్యాలని అడిగింది. మేష్టారు ఒక్కొక్క పేజీ తిప్పాడు. భుజాలు కదలడం మొదలెట్టాయి. ఆమె ఏడుస్తున్నాడనుకుంది. ఆయన నవ్వుతున్నాడు.

"అమ్మాయ్, నేను సన్నాయిలో చేరినప్పుడు మా గురువుగారు నాకు ఒత్తు ఇచ్చేడు. పాట ఆయనది. పక్కన స ఒక్కటే పట్టుకుని కూకోవడం నా పని. రెండేళ్ళు పట్టుకున్నాను. స కుదిరితే మిగతాయి వాటంతట అయే వొస్తాయనేవోడు. మీ ఆఫీసోళ్ళు తప్పిపోయి తప్పిపోయి సరైన ఇంటికే వొచ్చేరు."

పరీక్ష హాలు బయట కార్లు ఆగాయి. పట్టుపావడాల పిల్లలు, మూడు కాలాల్లో ముప్ఫై వరసలు గడగడా అప్పజెప్పేవాళ్ళు, బుగ్గన పటికబెల్లం పెట్టుకుని వచ్చారు. సత్యవేణికి ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలిచే డ్యూటీ. లోపల బల్ల వెనక విద్యాధరరావు గారు, పక్కన కామేశం గారు, పిల్లలకి తాళం వెయ్యడానికి పిలిపించిన లోవరాజు మేష్టారు.

మొదటి పిల్లాడు కళ్ళు మూసుకుని సరళీ వరసలన్నీ పాడాడు. లేనివి పాడినందుకు మార్కులు తగ్గించారు. రెండో పిల్ల స అని ఆగి, తరవాతేంటి అని అడిగింది. ప్రశ్న పుస్తకంలో లేదు. మూడోవాడు చిలకలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. అలా పదకొండుమంది అయ్యారు. పన్నెండో పేరు సత్యవేణి పిలవాల్సింది కూతురి పేరు. పిలిచింది గానీ తన గొంతు తనకే వినబడలేదు.

జోషిత వెళ్ళి నిలబడింది. నీ పేరేమిటని విద్యాధరరావు గారు అడిగారు.

"జో," అంది జోషిత. "జో. జో."

హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. సత్యవేణి గుమ్మం పట్టుకుంది. పిల్ల మెడ మీద నరం తేలుతోంది. ఇంక బోర్లా పెట్టేస్తుంది, పుస్తకం కాదు, నోరే బోర్లా పెట్టేస్తుంది అనుకుంది. జోషిత తల దించి పేజీ వైపు చూసింది. చిలక తొంగిచూస్తోంది. పిల్ల నోరు మూసుకుంది. ఊపిరి తీసుకుంది. తొందర లేకుండా, పొట్ట నిండా తీసుకుంది. తల కొంచెం వంచింది. తరవాత షడ్జం మీద నిలబెట్టి, పేరుని మూడు మెట్లుగా కాక ఒకే మెట్టు మీద, జోషిత అని పాడింది.

"పేరు పాడవచ్చునా?" అని విద్యాధరరావు గారు పక్కకి తిరిగారు.

కామేశం గారు నియమావళి అటూ ఇటూ తిప్పి, పాడకూడదని లేదండి అన్నారు.

ఆ పిదప జోషిత పాఠం ఎత్తుకుంది. స. చిలక దగ్గర నిలిపింది, ఊపిరి తీసుకుంది, తల వంచింది. మళ్ళీ స. లోవరాజు మేష్టారి చెయ్యి తొడ మీద పడుతూ లేస్తూ ఉంది. పరీక్షకి ఒక పేజీయే నిబంధన కాబట్టి, ఆ పేజీ అయ్యాక చాలన్నారు. విద్యాధరరావు గారి కళ్ళు చెమర్చాయి. ఆయన ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక అధికార చిహ్నానికి ఒక పౌరురాలు స్వచ్ఛందంగా తల వంచడం ఇదే మొదలట. నూటికి నూరు వేసి, సీటు కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టి, ముద్ర వేయించి ఇచ్చారు. సత్యవేణి ఆ కాగితాన్ని మడవకుండా, పచ్చిమట్టి బొమ్మని పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకుంది.

మిగతా పిల్లల సంగతీ చెప్పాలి. జోషితని చూసి తక్కినవాళ్ళు కిటుకు పట్టేశారు. మధ్యాహ్నానికి నలభై సీట్లూ నిండాయి. మార్కులు తగ్గిన మొదటి పిల్లాడి తండ్రి మాత్రం ఊరుకోలేదు. పట్టుచొక్కా మనిషి, బల్ల ముందుకొచ్చి, ఈ పాఠం మొత్తం ఎలా పాడాలో మండలివారే ఒకసారి పాడి చూపించాలని మర్యాదగానే అడిగాడు. కామేశం గారు నియమావళి చూశారు. నిజమే, అభ్యంతరము వచ్చినచో సభ్య కార్యదర్శి స్వయముగా నమూనా గానము చేయవలెను అని ఉంది. అది రాసింది విద్యాధరరావు గారే.

ఆయన వెనకాడలేదు. లేచి, కోటు గుండీ పెట్టుకుని, పుస్తకం తెరిచి, స అన్నారు. మొదటి స బొంగురుగా వచ్చింది. మొదటి చిలక దగ్గర నిలిపి, ఊపిరి తీసుకుని, తల వంచారు. రెండోది కొంచెం మెరుగు. పదో పేజీకి గొంతు తేటపడింది. ముప్ఫయ్యో పేజీకి లోవరాజు మేష్టారు కళ్ళు మూసుకుని తల ఊపాడు. అధికారి నిలబడితే కూర్చోకూడదు కాబట్టి ఆఫీసంతా నిలబడింది. అరవయ్యో పేజీ చివరికొచ్చారు. అక్కడ రెండు గీతలు లేవు. ఆయన ఒక క్షణం పేజీ వెనక్కి తిప్పి చూశారు, అట్ట తప్ప ఏమీ లేదు. గీతలు రెండో భాగంలో ఉన్నాయి. రెండో భాగం అచ్చుకి వెళ్ళాలంటే ఆయన సంతకం కావాలి. సంతకం పెట్టాలంటే ఆపాలి. గీతలు రాకుండా ఆపరాదు.

విద్యాధరరావు గారు మొదటి పేజీకి వచ్చి, మళ్ళీ స అందుకున్నారు.

పట్టుచొక్కా ఆయన దణ్ణం పెట్టి అభ్యంతరం వెనక్కి తీసుకుంటానన్నాడు. అందుకు దరఖాస్తు కావాలి, దరఖాస్తు స్వీకరించేవారు పాడుతున్నారు. సాయంత్రం ఐదున్నరకి సత్యవేణి పిల్లని తీసుకుని మొగుడి ఆటోలో ఇంటికొచ్చేసింది. దారి పొడుగునా జోషిత మాట్లాడుతూనే ఉంది. వంతెన గురించి, పడవల గురించి, చింతగింజ నిజంగా మొలుస్తుందా అన్నదాని గురించి. మధ్యలో రెండు మూడుసార్లు చిక్కుకుంది. ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ మొదలెట్టింది. నూకరాజు అద్దంలోంచి వెనక్కి చూస్తూ, ఇదేటే ఆపదు అన్నాడు సంబరంగా.

సత్యవేణి ఇంట్లో ఆ పెద్ద భయం కూర్చున్న పీట ఇప్పుడు ఖాళీ. కానీ ఆమె స్వభావం ఖాళీ పీటని ఓర్చుకునేది కాదు. పరీక్షయి నేటికి మూడో రోజు. ఆఫీసుకి సెలవు ప్రకటించారు, ఎందుకంటే ఫైళ్ళ మీద సంతకాలు లేవు. ఆమెకి అన్నం ముద్ద దగ్గర ఒకటే ఆలోచన. ఆయన చెడ్డవాడు కాడు, ఊపిరి మాట అడిగితే నిజంగానే నియమావళి వెతికిన మనిషి, పైగా ఇప్పుడిప్పుడే షడ్జం కుదురుతోందని మేష్టారు కూడా అంటున్నాడు. ఆయనకి ఎవరైనా ఏమైనా పెట్టారో లేదో.

మీలో ఎవరైనా కాకినాడ వైపు వెళితే, పని కాస్త పక్కన పెట్టి ఆ రెండంతస్తుల మేడలోకి తొంగిచూడండి. మెట్లెక్కుతుంటేనే వినబడుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. విద్యాధరరావు గారు ఎలా ఉన్నారో చూసి, ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు ఆయన చేతికి ఇచ్చి రండి. చిలక దగ్గర ఇవ్వండి. స దగ్గర ఇస్తే ఆయన పుచ్చుకోరు.